మిష్రిఫ్ పీర్లు

ఆగస్టు 2, 1990, గురువారం, మిష్రిఫ్, కువైట్

పొద్దున ఏడున్నరకు లండన్ నుంచి బాబా, ఈ ఇంటి యజమాని, ఫోన్ చేశాడు. అప్పటికి రెండు గంటలుగా హెలికాప్టర్లు నెత్తిమీద తిరుగుతున్నాయి. వంటింటి కిటికీలు దడదడలాడుతున్నాయి. నాతో పనిచేసే మస్తాన్ బీ టేబుల్ కింద దూరి నమాజు మాటలన్నీ కలిపి చదువుతోంది. ఇరాక్ వాళ్ళు వచ్చేశారని ఎదురింటి డ్రైవరు గోడ మీంచి అరిచి చెప్పి, యజమాని కారే ఎక్కి ఎటో వెళ్ళిపోయాడు.

బాబా అడిగిన మొదటి మాట: "చంద్రికా, అద్దాలు పగిలాయా?"

ఏ అద్దాలో నాకు తట్టలేదు. తర్వాత అర్థమైంది, చైనా కత్తుల గది అద్దాలు. పగల్లేదు బాబా అన్నాను. హమ్దులిల్లా అన్నాడు. మీరెలా ఉన్నారని అడగలేదు. కంగారులో ఉన్నాడు పాపం, మరిచిపోయి ఉంటాడు.

తొమ్మిది కత్తులూ బయటికి తియ్యాలట. ఒట్టి చేత్తో ముట్టకూడదట, సొరుగులో తెల్ల గ్లౌజులున్నాయి గదా, అవి వేసుకోవాలట. ఒకదానికొకటి తగలకుండా వేరువేరుగా చుట్టి, ఎవరూ చూడని చోట దాచాలట. అన్నిటికీ సరే అన్నాను. ఆఖర్న నేను అడిగాను, "మా పాస్‌పోర్టులు బాబా?" అవి ఆఫీసు గదిలో ఇనప సేఫ్‌లో ఉంటాయి. దానికి నంబరు తాళం.

"ముందు కత్తులు దాచు. సాయంత్రం చేస్తాను. దాచానని చెప్పు, నంబరు చెబుతాను."

మధ్యాహ్నానికల్లా దాచేశాం. స్టోర్ గదిలో అయిదు బస్తాల బాస్మతి ఉంది. మూడు బస్తాల్లో మూడేసి. సాయంత్రం నుంచి ఫోను పక్కనే కూర్చున్నాను. మోగలేదు. ఎత్తి చూస్తే చప్పుడే లేదు.

ఆగస్టు 3

ఫోన్ రాలేదు. లైను రాగానే నంబరు చెబుతాడు.

ఆగస్టు 4

రాలేదు.

ఆగస్టు 6

ఇల్లంతా మా ఇద్దరిదే. మేము మామా అని పిలిచే యజమానురాలు, పిల్లలు, బాబా జూన్‌లోనే లండన్ వెళ్ళారు. ఎండాకాలం ఇక్కడ మిగిలేది మాలాంటివాళ్ళూ, ఏసీలూ. చేయడానికి పని లేక ఈ డైరీ రాస్తున్నాను. ఇది బాబా రెండేళ్ళ కిందట పారేసిన బ్యాంకు డైరీ, ఒక్క పేజీ కూడా రాయలేదు. వారాలు కలవవు, కొట్టేసి రాసుకుంటున్నాను.

ఈ కత్తుల గురించి ఆరేళ్ళుగా మనసులో ఉన్నది ఒకసారి రాసేస్తే పోతుంది.

ప్రతి గురువారం దీవానియాలో, అంటే ముందు హాల్లో, మగవాళ్ళు కూడుతారు. కావా అనే అరబ్బు కాఫీ, టీ అయ్యాక బాబా లేచి, రండి అంటాడు. అందరూ అద్దాల గదిలోకి నడుస్తారు. వెనక నేను ట్రే పట్టుకుని. లైట్లు వెలుగుతాయి. నాలుగు బల్లెం మొనలు, మూడు అడ్డ కత్తులు, రెండు పొట్టి ఖడ్గాలు. అడ్డ కత్తి అంటే మన కొడవలిని నిటారుగా సాపు చేసి కర్రకు అడ్డంగా కట్టినట్టుంటుంది. అన్నీ కంచువే. రెండున్నర వేల ఏళ్ళు చైనా రాజుల సమాధుల్లో పడుకున్నాయట. లండన్ వేలంలో ఒక జపాన్ వాడు ఎంత పాడినా వదలకుండా పాడి తెచ్చానని చెబుతాడు. ఆ జపాన్ వాడి ముఖం ఎలా మాడిపోయిందో కూడా చేసి చూపిస్తాడు. వచ్చినవాళ్ళు మాషాల్లా అంటారు. వాళ్ళ కళ్ళలో అసూయ కనబడ్డాక గానీ బాబా లైట్లు ఆర్పడు. ఆ కత్తులతో ఆయన ఒక కూరగాయ కూడా కోయలేడు. ఎవడి పిచ్చి వాడికి ఆనందం.

నేను వచ్చిన కొత్తలో ఒక బల్లెం మొనను చింతపండు పెట్టి తోమాను. చెప్పిన పని చేశాను మరి. మామా "ఆ గది శుభ్రం చెయ్యి" అంది. వెళ్ళి చూస్తే అన్నిటికీ పచ్చగా చిలుము పట్టి ఉంది. మన ఇళ్ళలో కంచు చెంబుకు అంత చిలుము పడితే ఆ ఇంటి ఆడదాన్ని ఊరంతా నోళ్ళలో నానుస్తారు. అది విషం కూడా. ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు అంతా పెట్టి, పొయ్యి బూడిద లేదు గనక సబ్బు పొడి వేసి తోమితే బంగారంలా తేలింది. మెచ్చుకుంటారని గుమ్మంలోనే పట్టుకుని నిలబడ్డాను.

బాబా దాన్ని చూసి సోఫాలో కూర్చుండిపోయాడు. "దాన్ని చంపేశావు" అన్నాడు. ఆ పచ్చదనమేనట అసలు విలువ. నెల రోజులు నాతో మాట్లాడలేదు. మామా రెండు చెంపలూ వాయించింది. చిలుమును చంపానని చెంపలు వాయించిన ఇల్లు లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

ఫోన్ రాలేదు.

ఆగస్టు 9

సైనికులు వచ్చారు. గేటు తన్నారు. టీవీ, వీడియో, రెండు ఏసీలు, చిన్న కారు. పిల్లల సైకిలు కూడా. ఏసీ పీకేటప్పుడు గోడ పెళ్ళలు రాలితే, ఊడ్చమని నాకే చెప్పారు.

వెళ్తూ వెళ్తూ స్టోర్‌లో దూరి రెండు బియ్యం బస్తాలు భుజాన వేసుకున్నారు. అయిదింట్లో రెండు. కత్తులు లేని రెండు. ఇంతకన్నా అదృష్టం నా జన్మలో రాలేదు, అదీ బాబా పేరిటే ఖర్చయింది.

"బియ్యంలో పెట్టమన్న తెలివి ఎవురిది?" అని మస్తాన్ బీ నా వీపు మీద ఒకటి చరిచింది. "ఆకలిగొన్నోడు బియ్యం కాకుండా ఏం దోస్తాడు మ్మే?"

నిజమే. వేరే చోటు చూడాలి. అవి పోతే బాబా నంబరు చెప్పడు.

ఆగస్టు 11

మస్తాన్ బీ పొద్దున్నుంచి ముభావంగా ఉంది. అడిగితే ఏడ్చింది. సరిగ్గా పీర్ల పండగ నాడే ఈ తుపాకులు వచ్చాయట, మొక్కు మరిచిపోయిందట. వాళ్ళ నాన్న రాయచోటి పక్క పల్లెలో పీర్ల చావిడి చూసుకునేవాడు. పండగ పది రోజులూ పీరును ఎత్తేది ఆయనే. మా ఊళ్ళో అయితే పీర్లు వీధిలోకి వస్తే మా అమ్మ బిందెతో నీళ్ళు పోసేది, నేను కింద పడి పొర్లేదాన్ని. మాకు వాళ్ళ దేవుడు, మా దేవుడు అని అప్పట్లో ఎవరూ చెప్పలేదు.

భోజనాల వేళకు ఆమె ఉన్నట్టుండి నా చేయి పట్టుకుంది.

"పాపా, పీరు ఎట్లుంటాది?"

"కర్రకు ఇత్తడి ముఖం. దట్టీలు. దండలు."

"బల్లెం మొనకు కింద బొక్క ఉంటాది గదా. చీపురు కర్ర దూరుతాది. నేను చూసినా."

మళ్ళీ ఆమే అంది. "దాసిపెడితే దొంగ సొమ్మనుకుంటారు. నిలబెడితే దేవుడనుకుంటారు."

ఆగస్టు 12

నిలబెట్టాం.

స్టోర్ గది కడిగాం. పడమటి గోడకు పాత తివాచీ వేశాం. నాలుగు బల్లేలకు నేల తుడిచే మాపు కర్రలు నాలుగు సరిపోయాయి, ఎవరో కొలత తీసి చేసినట్టు. అడ్డ కత్తులను కర్రలకు అడ్డంగా కట్టాం. ఖడ్గాలు పిడి కిందికి, మొన పైకి. మామా పచ్చ పట్టు దుపట్టాలు మూడు చించి దట్టీలు కట్టాం. చించేటప్పుడు నాకు కలిగిన సంతోషం ఈ డైరీకి తప్ప ఇంకెవరికీ చెప్పను. ఊదు మామాదే, ఖరీదైనది.

నేను గ్లౌజులు తొడుక్కుంటుంటే మస్తాన్ బీ కోప్పడింది. "పీరును గుడ్డ చేతుల్తో ముట్టుకుంటారా?"

నడుమ ఏది పెట్టాలన్నప్పుడు నేను తోమిన మొననే తీసింది. మిగతావన్నీ చిలుము పట్టి గుడ్డిగా ఉన్నాయి, అదొక్కటే కిటికీ వెలుతురుకు ధగధగమంది. అది హుస్సేన్ పీరు. ఇటు హసన్, అటు ఖాసిం, అబ్బాస్. మిగిలిన అయిదూ ఎవరని అడిగితే, వాళ్ళ లష్కరు, సైన్యం అంది. తలకు కొంగు కప్పుకుని ఫాతెహా చదివింది. డబ్బాలో మిగిలిన చక్కెరతో మలీద ముద్దలు చేసింది.

"ఇంక ఇవి మీ బాబా కత్తులు గావు" అంది నాతో. "తెలిసిందా? మాట జాగర్త."

సరే అన్నాను. తొమ్మిదీ ఉన్నాయి, చెక్కు చెదరలేదు. లైను రాగానే బాబాకు చెప్పొచ్చు.

ఆగస్టు 13, 14, 15

రాలేదు. రాలేదు. రాలేదు.

ఆగస్టు 16

ముగ్గురు వచ్చారు. ఈసారి దోచడానికి కాదట, సోదాకు. కాగితం మీద రాసుకుని వచ్చారు. ముందున్నవాడు నలభై అయిదేళ్ళవాడు, నెరిసిన మీసం, బూటు తాడు తెగి వైరుతో కట్టుకున్నాడు. అడిగిన మొదటి మాట:

"ఇంట్లో ఆయుధాలు ఉన్నాయా?"

ఆరేళ్ళుగా తొమ్మిది ఆయుధాలకు దుమ్ము దులిపినదాన్ని నేను. అరబీలో మాఫీ, అంటే లేవు అన్నాను. అబద్ధం ఆడేటప్పుడు నా ఎడమ కన్ను కొట్టుకుంటుంది, మా అమ్మ అందుకే నన్ను ఇట్టే పట్టేసేది. ఆ మనిషి నా కన్ను చూశాడు. నేరుగా స్టోర్ వైపు నడిచాడు.

తలుపు తోశాడు. తోసిన చేయి అలాగే ఆగిపోయింది.

లోపల మస్తాన్ బీ ఊదు వేస్తోంది. పొగలో పచ్చ దట్టీలు, నడుమ ఆ మెరిసే మొన. ఆమె వెనక్కి తిరిగి చూసి, సైనికుడని కూడా చూడకుండా తెలుగులోనే కసిరింది. "బూట్లిడిచి రా."

మాట తెలియకపోయినా వేలు చూపించింది గదా. అతను తలుపు దగ్గరగా వేసి, మిగతా ఇద్దరితో, మేడ మీద వెతకండి అన్నాడు. వాళ్ళు వెళ్ళాక వంగి వైరు విప్పాడు. బూట్లు విడిచి లోపలికి వచ్చాడు. హుస్సేన్ పీరు దట్టీ అంచును కళ్ళకద్దుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి గానీ గొంతు పైకి రానివ్వలేదు. మాది కర్బలా దగ్గర, ఈ హుస్సేన్ ప్రాణం విడిచిన నేల అన్నాడు నాతో, చాలా మెల్లగా. అక్కడ కూడా ఇలాంటివి ఎత్తేవారట, ఇప్పుడు వాళ్ళ సర్కారు ఊరేగింపులు తీయనివ్వదట. ఇండియాలో కూడా ఉన్నాయా అని అడిగాడు. మా వీధి వీధికీ ఉన్నాయి అన్నాను. ఈసారి కన్ను కొట్టుకోలేదు.

పేరు కాదిమ్. వెళ్తూ గేటు మీద సుద్దతో ఏదో రాశాడు. సోదా అయిపోయిందని రాశాడట. ఇంక ఎవరూ రారట.

ఆగస్టు 17

కాదిమ్ రొట్టెలు తెచ్చి పీర్ల ముందు పెట్టాడు. మేమూ తిన్నాం. చూస్తే పక్క విల్లా ముందు లారీలోకి ఫ్రిజ్ ఎక్కిస్తున్నవాళ్ళలో అతనూ ఉన్నాడు. ఇక్కడ కన్నీళ్ళు, అక్కడ ఫ్రిజ్. అడిగేశాను. పైవాడి హుకుం అన్నాడు తల దించుకుని. పైవాళ్ళు లేని మనిషి ఈ లోకంలో ఒక్కడైనా ఉన్నాడా, వాణ్ణి చూడాలని ఉంది.

ఆగస్టు 20

మనవాళ్ళు ఎక్కువగా ఉండే రిగ్గై నుంచి రామసుబ్బయ్య వచ్చాడు. మా అమ్మ వైపు చుట్టం, వరసకు మామ, తాపీ పని. నాలుగు చెక్‌పోస్టులు దాటి నడిచి వచ్చాడు. కాళ్ళు పొక్కులెక్కాయి.

"సాల్మియాలో బడిలో ఇండియాకు పోయేటోళ్ళ పేర్లు రాస్తాండారు మ్మే. బస్సులు బస్రాకు, ఆడ్నించి బాగ్దాద్, అమ్మాన్. అమ్మాన్‌లో మన ఇమానాలు ఉండాయంట. రిగ్గైలో మనోళ్ళు సగం మంది ఎలబారిపోయినారు. పాస్‌పోర్టులు తీసుకోండి, రేపే పోదాం."

"సేఫ్‌లో ఉన్నాయి మామా. నంబరు బాబా చెప్తాడు."

"ఎప్పుడు?"

"లైను రాగానే."

"లైను యాడుండాది? ఎక్స్చేంజీ కాడ ట్యాంకు పెట్టుకొని కూసున్యారు."

పాస్‌పోర్టు లేనివాళ్ళను కూడా రాసుకుంటున్నారట గానీ వాళ్ళకు ఆలస్యమట, బార్డరులో ఒంటరి ఆడవాళ్ళను నానా ప్రశ్నలు వేస్తున్నారట. అందుకే వెళ్ళనన్నాను. బాబా మాట ఇచ్చాడన్నాను. రామసుబ్బయ్య మస్తాన్ బీ వైపు చూశాడు. ఆమె తల వంచుకుని మెంతులు ఏరుతోంది. ఏదో చెప్పబోయి మానుకున్నట్టనిపించింది.

అతను వెళ్ళిపోయాడు. ఎల్లుండి బస్సట.

ఆగస్టు 22

రాలేదు.

ఆగస్టు 25

రాలేదు. మస్తాన్ బీ ఉపవాసం ఉంది. ఎందుకంటే చెప్పదు.

ఆగస్టు 28

లైను కోసం ఎదురు చూడటం ఎందుకని నేనే సేఫ్ మీద నంబర్లు తిప్పి చూశాను. బాబా పుట్టినరోజు. పెద్దకొడుకు పుట్టినరోజు. పెద్ద కారు నంబరు. వేలంలో కత్తులు కొన్న సంవత్సరం. ఇంటి నంబరు. ఆరేళ్ళ పాటు ఒక ఇంట్లో తిని, వాళ్ళ లోపలి బట్టలు ఉతికి, వాళ్ళ పిల్లల జ్వరాలు చూసి, వాళ్ళ సేఫ్ ఏ అంకెతో తెరుచుకుంటుందో ఊహించలేకపోయాను. పొద్దున నుంచి అసర్ దాకా, సాయంత్రపు నమాజు దాకా తిప్పాను. బొటనవేలు వాచింది.

మస్తాన్ బీ గుమ్మంలో నిలబడి చూసింది. "ఇంక చాలు లేమ్మే" అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు.

సెప్టెంబరు 1

కాదిమ్‌ను అడిగాను. పీర్ల ముందు కూర్చుని ఉన్నప్పుడు అడిగాను, కాదనలేడని. ఆ తెలివి నాదే. మా కాగితాలు ఇనప పెట్టెలో ఉన్నాయి, తెరవగలవా అన్నాను. రేపు గునపం తెస్తానన్నాడు.

రేపు ఈ పాటికి పాస్‌పోర్టు నా చేతిలో ఉంటుంది.

సెప్టెంబరు 2

కాదిమ్ గునపం తెచ్చాడు.

గంటన్నర పట్టింది. వెనక రేకు చించి తెరిచాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ బయటికి తీశాను. మామా నగలు లేవు, అవి ఆమెతోనే లండన్ వెళ్ళాయి. ఒక బంగారు పెన్ను. ఇంటి కాగితాలు. తొమ్మిది ఎర్ర ఫైళ్ళు. అంతే. ఇంకేం లేదు. సేఫ్‌లో తల దూర్చి మరీ చూశాను. నాలుగు గోడలూ చేత్తో తడిమాను. లేదు.

ఎర్ర ఫైళ్ళు కత్తులవి. తొమ్మిదింటికీ తొమ్మిది. ఒక్కో కత్తి ఏ దేశంలో, ఏ ఊరి పక్కన, ఎవరి సమాధిలో దొరికింది. ఏ దొర చేతిలోంచి ఏ దొర చేతికి వచ్చింది. పొడవు, బరువు, ఎక్కడ ఎంత పెచ్చు ఊడింది. ముందు నుంచి, వెనక నుంచి, పక్కల నుంచి ఫొటోలు. సంతకాలు, ముద్రలు. నేను తోమినదానికి కూడా ఉంది, 'పాడైనది' అని ఇంగ్లీషులో ఎర్ర సిరాతో రాశారు, తేదీ వేసి. పాడు చేసినదాని పేరు రాయలేదు. పోన్లే, అంత గౌరవం నాకెందుకు.

నా కాగితం లేదు. రాయచోటి తాలూకా, ఫలానా వారి కూతురు అని ఉన్న నా ఒక్క పుస్తకం లేదు.

అప్పుడు మస్తాన్ బీ నోరు విప్పింది. జూన్‌లో వాళ్ళు బయల్దేరిన పొద్దున, మామా హ్యాండ్‌బ్యాగులో ఒక ఖాకీరంగు కవరు పెట్టుకోవడం చూసిందట. కవరు మూతలోంచి మా దేశం పాస్‌పోర్టు అట్ట అంచు కనబడిందట.

"వాళ్ళదేదో అనుకున్యా మొదట. మన పాస్‌పోర్టు రంగు నాకు తెలవదా? తెలుసు. అయినా కాదనుకున్యా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నమ్మింటావా? దినామూ ఆ ఫోన్ కాడ కూసోని... చెప్పలేకపోయినా పాపా."

ఊళ్ళో లేనప్పుడు మేము పారిపోతామని పట్టుకుపోయారు. సరే. వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్ బుద్ధి కఫీల్‌ది. కానీ ఆగస్టు రెండో తారీఖున, నెత్తి మీద హెలికాప్టర్లు తిరుగుతుంటే, ఆ మనిషికి తెలుసు. పాస్‌పోర్టులు తన పక్కన లండన్ గదిలో ఉన్నాయని తెలిసే, కత్తులు దాచు, నంబరు చెబుతా అన్నాడు. ఖాళీ పెట్టె నంబరు. నెల రోజులు నేను ఆ ఖాళీ పెట్టెకు కాపలా కాశాను. వెళ్ళే బస్సును వదులుకున్నాను. బాబా మాట ఇచ్చాడు అని మా మామ ముందు గొప్పగా చెప్పాను. ఆ మాట తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

నేను స్టోర్‌లోకి పరుగెత్తాను. చేతికి అందిన ఖడ్గం దట్టీతో సహా పెరికాను. గడప బండ మీద వేసి కొడితే రెండు ముక్కలవుతుంది, అంత పాతది. ఎత్తాను కూడా. మస్తాన్ బీ వచ్చి గడప మీదే కూర్చుంది.

"బాబా మీద కోపం బాబా మీద సూపిచ్చు. ఈయనేం జేసినాడు నిన్ను?"

"ఇది కత్తి పెద్దమ్మా."

"మీ బాబాకు కత్తి. నీకూ కత్తేనా?"

చాలాసేపు అలాగే ఎత్తి నిలబడ్డాను. ఆమె కదలలేదు. చేతులు నొప్పి పుట్టి దించాను. ఇది దయ కాదు, నొప్పే. కాదిమ్ బంగారు పెన్ను జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 3

ఫోను తీగ కోసేశాను. కూరగాయల కత్తితో.

సెప్టెంబరు 7

సాల్మియా బడికి వెళ్ళాం. కాదిమ్ లారీ ముందు సీట్లో దాచి తీసుకెళ్ళాడు. బడి నిండా జనం, మూటలు, పిల్లలు. పేర్లు రాసే పెద్దాయన గుంటూరు వైపు మాస్టారు, తనంతట తాను వచ్చి కూర్చున్నాడట. గొంతు బొంగురుపోయింది.

"పాస్‌పోర్టు లేదా అమ్మా? పరవాలేదు. ఇండియా అని ఎట్టా నమ్మాలి నేను? మీ ఊరికి దగ్గర రైలు స్టేషను ఏది?"

"రాజంపేట."

"రాయచోటిలో గుడి?"

"వీరభద్రస్వామి."

"మరి ఈ పెద్దామెది ఏ ఊరు?"

మస్తాన్ బీ తనే చెప్పుకుంది. "నేను కూడా వీరభద్రుని తిరనాళ్ళకు ఏటా పోయేదాన్నే అయ్యా. బొరుగులు అమ్ముతా ఉంటి."

ఆయన నవ్వాడు. నెల తర్వాత ఒక మనిషి నా ముందు నవ్వడం అదే. రాసి, ముద్ర వేసి, తలా ఒక కాగితం ఇచ్చాడు. ఒక్క కాగితం. కత్తికి నలభై పేజీల ఫైలు, నాకు ఒక్క పేజీ. అయినా అది నా చేతిలో ఉంది. రవికెలో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 10

చెహ్లుం, పీర్ల పండగకు నలభయ్యో రోజు. రేపు బస్సు. మస్తాన్ బీ పీర్లకు ఆఖరు ఊదు వేసింది. దించి కట్టేద్దామా అన్నాను. వద్దంది. ఈ ఇంట్లో దించితే మళ్ళీ కత్తులైపోతాయట.

కాదిమ్ వీడ్కోలుకు వచ్చాడు. వాళ్ళ దళం ఇంకెక్కడికో మారుతుందట. మాకంటే అతనికే ఎక్కువ భయంగా ఉంది. మస్తాన్ బీ దట్టీ పేలిక చించి అతని చేతికి కట్టింది. అతను దాన్ని అంగీ చేతి కిందికి తోసి దాచుకున్నాడు.

సెప్టెంబరు 15

బార్డరు. ఇసుక. నీళ్ళ లారీ వెనక పరుగెత్తాను. మస్తాన్ బీకి విరేచనాలు. రేపు రాస్తాను.

సెప్టెంబరు 19, అమ్మాన్

రేపు మధ్యాహ్నం విమానం. జాబితాలో మా ఇద్దరి పేర్లూ చదివారు.

ఈ పొద్దున క్యాంపు గేటు దగ్గర ఒకాయన అట్టముక్క మీద మా పేర్లు ఇంగ్లీషులో రాసి పట్టుకుని తిరుగుతున్నాడు. ఇక్కడి మనిషే, బాబా తరఫున వచ్చాడు. మూడు రోజులుగా క్యాంపు క్యాంపూ వెతుకుతున్నాడట.

"మీ గురించి బాబా చాలా దిగులు పడుతున్నారు" అన్నాడు.

నిజం రాస్తున్నాను, నా గుండె కరిగింది. సెప్టెంబరు రెండున నేను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకోవాలా అనుకున్నాను. ఒక గ్లాసు నీళ్ళు తాగేంత సేపు అలా అనుకున్నాను. అతను సంచిలోంచి రెండు పాస్‌పోర్టులు తీశాడు. మస్తాన్ బీ చేయి చాచింది. అతను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ముందు కత్తులు ఎక్కడున్నాయో చెప్పండి."

మస్తాన్ బీయే చెప్పింది. అబద్ధం ఆడే ఓపిక కూడా ఆమె ఒంట్లో లేదు. "స్టోర్ గదిలో నిలబెట్టి వచ్చినాం. తొమ్మిదీ ఉండాయి. పోయేటోళ్ళను చెప్పులిడిచి పొమ్మను. ఒట్టి చేత్తోనే ఎత్తమను."

ఏమంటోందని నన్ను అడిగాడు. ఉన్నదున్నట్టు అరబీలో చెప్పాను. పీర్లంటే ఏమిటో, ఎవరి పేర్లు పెట్టామో, కర్బలా సైనికుడు ఎలా ఏడ్చాడో అన్నీ చెప్పాను. అతను రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపేశాడు. "బాబాకు ఇది ఎలా చెప్పను?" అన్నాడు. అది మా కష్టం కాదన్నాను.

మస్తాన్ బీ పాస్‌పోర్టు ఆమెకిచ్చాడు. రెండోది నా ముందు చాచాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"నాకు కాగితం ఉంది. దాన్ని బాబాకే ఇవ్వండి. అద్దాల గదిలో పెట్టి లైటు వేసుకోమనండి. గురువారం గురువారం వచ్చినవాళ్ళకు చూపించుకుంటాడు."

నా అరబీ తప్పనుకున్నాడేమో, తీసుకో, నీదే అని ఇంగ్లీషులో మళ్ళీ చెప్పాడు. నో అని నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను. దాన్ని సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

మస్తాన్ బీ సాయంత్రం దాకా తిట్టింది. "ఎవుర్ని సాధిచ్చినావు మ్మే? ఆయప్పకు చీమ కుట్టినట్లన్నా ఉంటాదా? రేపు మళ్ళా పొట్ట చేత బట్టుకోని పోవాలంటే అది లేకుండా యాడికి పోతావు?" ఆమె చెప్పింది నిజమే, తెలుసు. అయినా నాకు ఇప్పటికీ తప్పు చేశాననిపించడం లేదు. ఆ సంచిలోంచి వచ్చినదాన్ని నా చేయి పట్టుకోలేదు, అంతే.

తిట్టడం అయ్యాక ఆమె గుడారం వాకిట్లో కూర్చుని తన పాస్‌పోర్టు తెరిచింది. పదకొండేళ్ళ తర్వాత చూసుకోవడమట. తన ఫొటో చూసి తనే నవ్వింది. "చూడు పాపా, అప్పుడు నా పండ్లన్నీ ఉండాయి" అని నాకు చూపించింది. నల్లటి జుట్టు, గుండ్రటి బుగ్గలు. ఎవరో పరాయి మనిషిలా ఉంది.

నా ఫొటో రాయచోటి స్టూడియోలో తీయించాం. మా అక్క పట్టుచీర కట్టుకున్నాను. గడ్డం ఎత్తమ్మా, గడ్డం ఎత్తు అని ఆ ఫొటో ఆయన పదిసార్లు అన్నాడు. ఎలా వచ్చిందో నేనెప్పుడూ సరిగ్గా చూడలేదు, కువైట్‌లో దిగిన రోజే మామా తీసేసుకుంది. ఒక్కసారి తెరిచి, చూసుకుని, తర్వాత ఇచ్చేసి ఉండాల్సింది. ఆ తెలివి నాకు అప్పుడు రాలేదు.